పళ్ళు కనపడకుండా నవ్వే మనిషి

నాకు బాతుల్ని పిలవడం వచ్చు. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆఫీసు మీటింగులో నా వంతు వచ్చేసరికి కాగితాలు సర్దుకుంటాను. చెప్పాల్సింది పక్కవాళ్ళు చెప్పేస్తే హాయిగా ఊపిరి పీల్చుకుంటాను. అలాంటి నేను నాలుక కొనను కింది పళ్ళకు ఆనించి, పెదాలు కొంచెం తెరిచి, ఈలను రెండు ముక్కలు చేసి వదిలితే చెరువు మీద పోతున్న చిలువ బాతులు మెడ తిప్పి చూస్తాయి. ఒక్కోసారి జవాబు కూడా ఇస్తాయి.

నేర్పినాయన చనిపోయారని పోయిన ఆదివారం తెలిసింది. ఆయనతో ఒకే గదిలో ఉండే మేస్త్రీ ఈ పరాయి దేశంలోని క్లెమెంటి రైలు స్టేషన్లో కనిపించి నన్ను గుర్తుపట్టాడు. "మీకు తెలీదాండీ? ఊరెళ్ళిన ఏడాదే పోయాడండి. గుండె ఆగిపోయిందంట, నిద్దట్లోనే," అన్నాడు. "అవునా," అన్నాను. అతని రైలు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆయన ఇంటిపేరేమిటో, పిల్లలెందరో, ఎంతవరకు చదివారో నాకు తెలియదు. ఆదివారం పూట చెరువు పార్కులో చెక్క వంతెన దగ్గర నిలబడి ఉండేవారు, అంతే. నేను అద్దెకుండే ఇంటి ఆంటీకి ఆదివారం చుట్టాలొస్తారు. వాళ్ళ మధ్య కూర్చోవడం నావల్ల కాక పుస్తకం పట్టుకుని ఆ పార్కుకు పారిపోయేదాన్ని. మొదటి రోజు బెంచీ మీద కూర్చుని చదువుకుంటుంటే వెనక నుంచి మెల్లగా ఒక గొంతు వినిపించింది.

"కాస్త ఆ కాయితం తిప్పమాకండి మేడం. అయ్యి ఇటే వస్తన్నాయి."

చేతిలో ఉన్నది తెలుగు పుస్తకమని చూసి తెలుగులోనే అన్నారట. నేను పేజీ సగంలో పట్టుకుని బిగుసుకుపోయాను. తామరాకుల చాటు నుంచి గోధుమరంగు బాతులు వరుసగా వచ్చి, మా ముందు నుంచే ఈదుకుంటూ వెళ్ళిపోయాయి. అవి దాటాక, "ఇప్పుడు తిప్పుకోండి," అన్నారు. "వీటిని మేం చిలువలంటాం. కూర వండితే ఇల్లంతా తెలుస్తది."

భయపడి ఆయన వంక చూశాను. ఆయన నవ్వుతున్నారు. అది నవ్వని తెలుసుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది. పెదాలు బిగించి ఉన్నాయి, శబ్దం ముక్కులోంచి వస్తోంది, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. తర్వాత ఎన్నోసార్లు చూశాను ఆ నవ్వు. ఎంత నవ్వొచ్చినా పన్ను కనపడనిచ్చేవారు కాదు.

"తెల్లగా ఏది మెరిసినా పిట్ట లేస్తదండీ. చిన్నప్పుడు మా తాత పిట్టల ఏటకి తీసుకెళ్తే నాకు ఊరికే నవ్వొచ్చేది. నోట్లో ఇంత బురద కూరేవోడు. అలవాటైపోయింది."

బస్సులో కూడా అలాగే నవ్వేవారు. వేలు పెట్టి చూపించేవారు కాదు. చెయ్యి ఎత్తితే గుంపంతా లేచిపోతుందని గడ్డంతోనే చూపించేవారు. చెరువులో బాతులనే కాదు, టాయిలెట్ ఎటని అడిగినా గడ్డమే. ఇంకొకటి, దేన్నీ సూటిగా చూడరు. "మన కళ్ళు దాని కళ్ళకి తగిల్తే అయిపోయిందండీ, మనమెవరో దానికి తెలిసిపోద్ది," అని పక్కకు తిరిగి కంటి కొసతో చూసేవారు. నాతో మాట్లాడినప్పుడు కూడా నీళ్ళ వైపే తిరిగి మాట్లాడేవారు. ఎవరైనా ముఖంలోకి చూస్తే మాట తడబడే నాకు అంతకన్నా సుఖం లేదు. ఆయన పక్కన నేను మాట్లాడినన్ని మాటలు ఈ ఊళ్ళో ఇంకెవరితోనూ మాట్లాడలేదు.

మొదట్లో అంకుల్ అని పిలిచాను. "అంకులనమాకండి, సైటు ఆఫీసోళ్ళని పిలిచినట్టుంది. బాబాయ్ అనండి," అన్నారు. నేను అమ్మాయిగారినయ్యాను.

ఆయనది కొల్లేటి పక్క ఊరు. ఇక్కడ కట్టే భవనాలకు ఇనప గొట్టాల పరంజా కట్టేవారు. ఎండకు మాడిన మెడ, గొట్టాలు పట్టుకుని గట్టిపడ్డ చేతులు. ఆ చేతులతోనే తాత నేర్పిన వేట చేసి చూపించేవారు. తుపాకీ లేదు, వల లేదు. ముందు కొన్నాళ్ళు ఉత్త కుండలు బోర్లించి నీళ్ళ మీద వదిలేస్తారట. బాతులు మొదట బెదురుతాయి, తర్వాత అలవాటు పడతాయి. అప్పుడు కళ్ళకు రెండు బెజ్జాలు పెట్టిన కుండ తలమీద బోర్లించుకుని మెడలోతు నీళ్ళలోకి దిగడం. గాలి ఎటు తోస్తే అటు, అల ఎంత కదిలితే అంత. బాతుల మధ్యకు చేరాక, కింది నుంచి కాళ్ళు పట్టుకుని చప్పుడు కాకుండా లోపలికి లాగి మొలతాడులో దోపుకోవడం. పక్కనున్న బాతుకు కూడా తెలియకూడదు.

"ఒక్క దిగుడుకి రెండు పట్టేవాణ్ణి," అన్నారు మొదటిసారి చెప్పినప్పుడు. వానాకాలం వచ్చేసరికి అవి మూడయ్యాయి. దీపావళికి అయిదు. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. ఆయన కంటి కొసతో నన్ను చూసి, "అయిదంటే, రెండు చిన్నయ్యి లెండి," అని సర్దుకున్నారు.

"పాపం కదా బాబాయ్," అన్నాను ఒకసారి.

"పాపమే. కూరలో మిరియాలేస్తే పోద్ది," అన్నారు. భుజాలు ఎగిరాయి.

పక్షుల మీద ప్రేమ అని నేను అంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. అలాంటి మాటలు పుస్తకాల్లో రాసుకోమనేవారు. మా బ్లాకు కింద హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్ల వరుసలో, ఎర్రగా కాల్చిన బాతుల్ని అద్దం వెనక వేలాడదీస్తారు. ఒకరోజు ఆయనను అక్కడికి తీసుకెళ్ళి బాతు అన్నం తినిపించాను. ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలి, "దీన్నెవరూ పట్టలేదండీ. పెంచారు," అని ప్లేటు పక్కకు జరిపారు. మిగతా అన్నం మాత్రం మిరపకాయ పచ్చడితో తినేశారు.

"మా చిన్నప్పుడు గట్టు సర్కారుది, నీళ్ళు సర్కారువి, పిట్ట మాత్రం పట్టినోడిది," అని తరచూ అనేవారు. తర్వాత చెరువులు తవ్వి చేపలు పెంచడం మొదలయ్యాక కొల్లేరు కుంచించుకుపోయింది. పిట్టను పట్టుకుంటే అక్కడా కేసే. "ఇక ఇక్కడంటారా, పిట్టా సర్కారుదే, దాని ఈకా సర్కారుదే." అయినా ప్రతి ఆదివారం వచ్చేవారు. వంతెన మీద నిలబడి, ఏ బాతును ఎటునుంచి వెళ్ళి పట్టొచ్చో నాకు గడ్డంతో చూపించేవారు. కూరగాయల బజారుకు వెళ్ళి ఏమీ కొనకుండా అన్నీ నొక్కి చూసే మనిషిలా.

ఆయనకు ఒకే ఒక్క భయం ఉండేది. ఊళ్ళో బావమరిదికి చేపల చెరువులున్నాయి. చేపల్ని తినడానికి దిగే పక్షుల్ని టపాసులు కాల్చి, డబ్బాలు మోగించి తరిమేందుకు కాపలా మనిషి కావాలి. "ఎప్పుడొచ్చినా ఆ పని నీదే బావా," అని బావమరిది ఫోను చేసినప్పుడల్లా అంటాడట.

"పిలిచి పట్టినోణ్ణండీ నేను. గట్టు మీద నిలబడి డబ్బా కొట్టి హుష్ హుష్ అనాలంట. చూసినోళ్ళేమనుకుంటారు?" అని, "ఇక్కడ పని పర్మిట్ ఉన్నన్నాళ్ళూ ఆ బాధ లేదు. ఎన్నాళ్ళిస్తే అన్నాళ్ళు ఉంటా," అన్నారు. పర్మిట్ పొడిగించే నెల వస్తే ఆయన అడుగు కూడా జాగ్రత్తగా వేసేవారు. సిగ్నలు పడకుండా రోడ్డు దాటేవారు కాదు. పార్కులో పచ్చిక మీద నడవొచ్చని నేను చెప్పినా నడిచేవారు కాదు.

అలాంటి నెలలోనే ఆ బాతు కనిపించింది.

చెరువుకు అవతలి ఒడ్డున చేపలు పట్టుకోనిస్తారు. అక్కడ తెగిన గాలపు దారం ఒక చిలువ కాళ్ళకు చుట్టుకుంది. రెండు కాళ్ళూ దగ్గరకు బిగిసిపోయి, ఈదలేక ఒక పక్కకు వాలి తిరుగుతోంది. ఎవరో పక్షుల్ని కాపాడే సంస్థకు ఫోను చేస్తే ఇద్దరు మనుషులు పొడుగు కర్ర వల పట్టుకుని వచ్చారు. వాళ్ళు దగ్గరకు వెళ్ళేసరికి అది రెక్కలు కొట్టుకుంటూ నీళ్ళ మధ్యకు పోయింది. రెండుసార్లు వచ్చి వెళ్ళారు. తర్వాతి ఆదివారానికి అది ఇంకా చిక్కింది.

బాబాయ్ ఆ రోజు సైటు నుంచి ఒక ఖాళీ పెయింటు బకెట్టు తెచ్చారు. టిఫిన్ డబ్బా అందులో పెట్టుకుని తెచ్చారనుకున్నాను. డబ్బా బయటికి తీసి నా పక్కన పెట్టాక చూశాను. బకెట్టుకు రెండు బెజ్జాలున్నాయి. వాటి అంచులు ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది ఉన్నాయి. బయట మట్టిరంగు పూసి, అది ఆరాక ఇంకోసారి పూసినట్టుంది. ఒక్క రాత్రిలో చేసిన పనిలా లేదు.

"బాబాయ్, వద్దు," అన్నాను.

"ఏం వద్దు?"

"ఉత్తినే దిగండి. ఇక్కడి బాతులకు వలంటే తప్ప మనుషులంటే భయం లేదు. బకెట్టు ఎందుకు?"

"ఉత్తినే దిగుతారంటండీ ఎవరన్నా?" అన్నారు, నేనేదో అసభ్యమైన మాట అన్నట్టు. చెప్పులు విడిచి పక్కపక్కన సర్ది, చొక్కా మడిచి నాకిచ్చి, రెల్లు గడ్డి చాటున నీళ్ళలోకి జారారు.

చెరువు మీద ఒక బకెట్టు తేలుతోంది, అంతే. గాలి వచ్చినప్పుడు కొంచెం కదిలేది, ఆగితే ఆగేది. ఒకసారి అది వెనక్కి కూడా పోయింది. చూస్తూ చూస్తూ దాని కింద మనిషి ఉన్నాడన్న సంగతి నేనే మరిచిపోయాను. బాతులు దాని చుట్టూ తిరిగాయి. ఒకటి దాన్ని ముక్కుతో పొడిచి చూసింది. ఆ వాలిపోయిన బాతు బకెట్టు పక్కన ఉంది. తర్వాత లేదు. ఒక బుడగ కూడా రాలేదు. పక్కనున్న బాతులు తల కూడా తిప్పలేదు.

ఆయన ఒడ్డు దగ్గర బకెట్టు తీసేసి పైకి లేచారు. నీళ్ళు కారుతున్నాయి, చెవి మీద నాచు వేలాడుతోంది. రెండు చేతుల మధ్య బాతు కళ్ళు మిటకరిస్తోంది. ఆయన నవ్వుతున్నారు. నోరంతా తెరిచి, పళ్ళన్నీ కనిపించేలా. పైన ఒక పన్ను లేదు. అప్పటిదాకా నాకది తెలియదు.

"చూశారా! చూశారా అమ్మాయిగారూ! ఒక్క పిట్ట లేచిందా?"

లేచింది పిట్ట కాదు. రోజూ పరుగెత్తడానికి వచ్చే ఒక చైనా అంకుల్. "ఓయ్! కెనాట్ క్యాచ్! కెనాట్ ఈట్ లా!" అని ఈ ఊరి ఇంగ్లీషులో అరుస్తూ, ఫోను పైకెత్తి వీడియో తీస్తూ వచ్చాడు. ఆ వెనకే సైకిలు మీద పార్కు ఆఫీసరు. మలయ్ అమ్మాయి, నా ఈడుదే. బకెట్టు లేకపోతే వాళ్ళు పాపం బాతును కాపాడుతున్నాడనుకునేవారు. బెజ్జాలు పెట్టి, రంగు పూసిన ఆ బకెట్టును చూశాక ఎవరేమనుకుంటారు?

బాబాయ్ అవేమీ పట్టించుకోలేదు. గడ్డి మీద కూర్చుని బాతును ఒళ్ళో పెట్టుకుని, "కత్తెరుందా?" అన్నారు. నా సంచీలో గోళ్ళ కత్తెర ఉంది. ఆయన బాతు కాళ్ళు పట్టుకుంటే నేను దారం కత్తిరించాను. కాలి చర్మం దారం కింద తెగి తెల్లగా అయింది. చివరి చుట్టు తెగగానే ఆయన దాన్ని నీళ్ళ మీద పెట్టి వదిలారు. అది మా వంక చూడకుండా ఈదుకుంటూ పోయింది.

ఆఫీసరు సైకిలు ఆపి, నా చేతిలోని దారం ముక్కలను చూసింది, బకెట్టును చూసింది. పర్మిట్ కార్డు అడిగింది. బాబాయ్ తడి ప్యాంటు జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి కార్డు ఇచ్చారు. కార్డు ఆమె చేతిలోకి వెళ్ళాక గానీ ఆయన ముఖంలో నవ్వు ఆరలేదు.

"ఇతనేం చేస్తున్నాడు?" అని ఇంగ్లీషులో నన్నడిగింది. చెప్పాను. గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. దారం గురించి, వల తెచ్చిన మనుషుల గురించి, అన్నీ వరుసగా చెప్పాను. చైనా అంకుల్ కూడా ఫోను దించి వినడం మొదలుపెట్టాడు.

"సరే. ఇలా బాతుల్ని పట్టడం ఇంతకుముందు ఎప్పుడైనా చేశాడా?"

బాబాయ్‌కు ఆ ప్రశ్న అర్థమైంది. వెన్ను నిటారుగా పెట్టారు. "చెప్పండి అమ్మాయిగారూ. పదేళ్ళప్పట్నించి పట్టానని చెప్పండి. మా తాతకన్నా నేనే మెరుగని ఊరంతా అంటారని చెప్పండి. ఒక్క దిగుడుకి ఎన్ని పట్టేవాణ్ణో కూడా చెప్పండి."

కార్డు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"నో," అన్నాను. "ఫస్ట్ టైమ్."

ఆమె నన్నూ ఆయన్నూ చూసింది. ఇలా ఎప్పుడూ చేయకూడదని, గాయపడ్డ పక్షి కనిపిస్తే ఫోను చేయాలని, నీళ్ళలోకి దిగడం ప్రమాదమని నెమ్మదిగా చెప్పింది. పేరు రాసుకుంది. ఈసారికి హెచ్చరికేనని కార్డు ఇచ్చేసింది. బకెట్టు మాత్రం సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని తీసుకుపోయింది. చైనా అంకుల్ బాబాయ్ భుజం తట్టి, "గుడ్, గుడ్. బట్ వెరీ ఫన్నీ లా, యువర్ పెయిల్," అని మళ్ళీ పరుగందుకున్నాడు.

నేను చొక్కా అందించాను. బాబాయ్ తీసుకోలేదు.

"ఫస్ట్ టైమా?" అన్నారు.

సైటులో రోజూ పొద్దున వినే మాట అది. కొత్తగా వచ్చినవాళ్ళను చెయ్యెత్తమని అడిగేటప్పుడు సూపర్‌వైజరు అనే మాట.

"పర్మిట్ పోయేది బాబాయ్."

"ఆ పిల్ల ఏమనుకుంటది? ఎవడో తెలీనోడు నీళ్ళలో పడి, అడ్డం వచ్చిన బాతుని పట్టుకున్నాడనుకోదూ? చూడలేదా మీరు? పక్క పిట్టకి తెలిసిందా? అంత పని నలభై ఏళ్ళ తర్వాత చేస్తే, ఫస్ట్ టైమంట!"

"పంపించేసేవాళ్ళు. వెళ్ళి డబ్బా కొట్టేవారా?"

ఆయన నా చేతిలోంచి చొక్కా లాక్కున్నారు. చొక్కా పిండాల్సిన పని లేకపోయినా పిండారు. అది పొడిగానే ఉంది. అది తొడుక్కుని, "కొట్టలేను లెండి," అన్నారు నీళ్ళ వైపు చూస్తూ. కానీ వెళ్ళేటప్పుడు వస్తానని చెప్పలేదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ఆంటీకి కొంత చెప్పాను. మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగావిడ. "ఏటమ్మా, బాతు కావలిస్తే కింద హాకర్లో యేలాడతంది కదా! మకాన్ కోసం ఈ ముసిలోడు నీల్లలో దిగాలా?" అంది. మకాన్ అంటే మలయ్‌లో తిండి. తినడానికి కాదన్నాను. "మరెందుకు?" అంది. జాలి వల్ల అని చెప్పబోయి ఆగిపోయాను. ఆయన ముఖంలో నేను చూసింది జాలి కాదు. దాని పేరేమిటో ఆంటీకి చెప్పలేకపోయాను. డైరీలో కూడా ఆ పేజీ సగంలోనే ఆగింది.

తర్వాతి ఆదివారం ఆయన వచ్చారు. వంతెనకు అవతలి చివర నిలబడ్డారు. ఆ పై ఆదివారం కూడా అంతే. నేను పేజీ తిప్పినా ఏమీ అనలేదు. ఇద్దరికీ తెలుసు దేనికోసం ఎదురుచూస్తున్నామో. ఆ వీడియో ఆయన కంపెనీవాళ్ళ దాకా వెళ్తే, లేదా పేరు రాసుకున్న కాగితం వెళ్తే, పొడిగింపు రాదు. ఫోనులో ఆ వీడియో ఎక్కడైనా వచ్చిందేమోనని నేను రోజూ వెతికేదాన్ని.

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి ఆయన నా బెంచీ మీదే కూర్చుని ఉన్నారు. పక్కన అరటిపండ్ల అత్తం.

"ఇచ్చారు," అన్నారు, గడ్డంతో జేబులోని కార్డును చూపిస్తూ. "తినండి."

ఇద్దరం తిన్నాం. ఫస్ట్ టైమ్ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ రోజే అన్నారు, "ఎప్పుడూ పుస్తకం చూడ్డమేనా? ఈల నేర్చుకోండి. చట్టంలో ఈలకి శిక్ష లేదు." నేర్చుకోవడానికి చాలా ఆదివారాలు పట్టాయి. నా ఈలకు మొదట పార్కులో ఒక కుక్క వచ్చింది. ఆయన భుజాలు చాలాసేపు ఎగిరాయి.

ఇచ్చిన గడువు అయిపోయాక మళ్ళీ పొడిగించలేదు. ఎవరి తప్పూ లేదు. భవనం పూర్తయింది, వయసు మీద పడిందన్నారు, పరంజా పనికి చిన్నవాళ్ళను పెట్టుకున్నారు. చివరి ఆదివారం పార్కు గేటు దాకా నడిచాం. బావమరిది చెరువు సంగతి అడగాలా వద్దా అనుకుంటుంటే ఆయనే అన్నారు. "డబ్బా కొడతా. కానీ మెల్లగా కొడతా. కాస్త తిని పోనిస్తా." మళ్ళీ పెదాలు బిగించి నవ్వారు.

బస్సు వచ్చింది. వరుసలో నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే బస్సు కార్డు యంత్రానికి ఆనించి ఎక్కుతున్నారు. బాబాయ్ కూడా ఎక్కి, కార్డు ఆనించి, వెనకవాళ్ళు తోస్తున్నా ఆగి, ఆ ఒక్కసారి నా ముఖంలోకి సూటిగా చూశారు.

"అమ్మాయిగారూ, నా గురించి ఎక్కడన్నా చెప్పాల్సొస్తే మాత్రం మొదటిసారని చెప్పమాకండి."